మైదానం బయట తప్పు, మైదానంలో శిక్ష

రెండేళ్ళ క్రితం వేసవిలో ఒక బుధవారం రాత్రి పదకొండు గంటలకి మా క్రికెట్ లీగు కమిటీ అర్జంటుగా కాన్ఫరెన్స్ కాల్ పెట్టుకుంది. ఏ ఊరో, ఏ లీగో చెప్పను. చెబితే మనవాళ్ళు పది నిమిషాల్లో మనిషిని పట్టేస్తారు! విషయం ఏమిటంటే, శనివారం సెమీఫైనల్. అందులో ఆడాల్సిన ఒక ఆల్‌రౌండర్‌ని ఆ రోజు సాయంత్రం పోలీసులు అరెస్టు చేశారు. భార్య 911కి ఫోన్ చేసింది. భార్య దగ్గరకి వెళ్ళకూడదని షరతు పెట్టి మర్నాడు వదిలేస్తారని తెలిసింది. అంటే శనివారానికి ఆయన ఖాళీ.

కమిటీలో మేం ఐదుగురం. "అది వాళ్ళింటి విషయం, మనకెందుకండీ" అని ఒకరు. "జన్మలో ఇక మన గ్రౌండులో అడుగు పెట్టకూడదు" అని ఇంకొకరు. "రేపు కేసు కొట్టేస్తే మన మొహం ఎక్కడ పెట్టుకుంటాం?" అని మూడో ఆయన. లీగు వెబ్‌సైటు రాసింది నేను కాబట్టి రూల్సు కూడా నాకే తెలుస్తాయని అందరి నమ్మకం. "రూల్ బుక్కులో ఏముంది బాబూ?" అని అడిగారు. చూశాను. నో బాల్ గురించి రెండు పేజీలుంది. దీని గురించి ఒక్క వాక్యం లేదు.

ఆ తర్వాత కొన్ని వారాలు పెద్ద పెద్ద లీగులు ఇలాంటప్పుడు ఏం చేశాయో చదువుతూ కూర్చున్నాను. ఆ చదివిన దాని సారాంశమే ఈ వ్యాసం.

శిక్షించే చేతులు నాలుగు

ఆటగాడు మైదానం బయట తప్పు చేస్తే శిక్షించగలిగేవి నాలుగు. మొదటిది కోర్టు. రెండోది లీగు లేదా బోర్డు. మూడోది అతనికి జీతమిచ్చే జట్టు. నాలుగోది అతని బొమ్మతో సరుకు అమ్ముకునే స్పాన్సరు. ఈ నాలుగింటికీ ప్రమాణాలు వేరు. నేరం సందేహానికి తావు లేకుండా రుజువైతేనే కోర్టు శిక్ష వేస్తుంది. లీగుకి అంత రుజువు అక్కర్లేదు, ఒప్పందంలో రాసుకున్నంత ఉంటే చాలు. జట్టుకి కాంట్రాక్టు చాలు. స్పాన్సరుకైతే పేపర్లో వార్త చాలు!

లీగు అధికారం పాతది. అమెరికన్ బేస్‌బాల్‌కి 1920లో మొదటి కమిషనర్‌గా వచ్చిన కెనెసా మౌంటెన్ లాండిస్ అంతకుముందు ఫెడరల్ జడ్జి. 1919 వరల్డ్ సిరీస్‌ని డబ్బుకి అమ్ముకున్నారని ఎనిమిది మంది చికాగో వైట్ సాక్స్ ఆటగాళ్ళ మీద ఆరోపణ. 1921 ఆగస్టులో షికాగో జ్యూరీ నిర్దోషులని తేల్చింది. ఆ మర్నాడే లాండిస్ ఎనిమిది మందినీ జీవితాంతం బహిష్కరించాడు. కోర్టు మాట వేరు, ఆట మాట వేరు అన్న సూత్రం అమెరికా ఆటల్లో అప్పట్నుంచీ పాతుకుపోయింది.

మన హైదరాబాద్ కథ దీనికి అద్దంలో బొమ్మలాంటిది. మ్యాచ్ ఫిక్సింగ్ ఆరోపణలతో 2000 డిసెంబరులో భారత క్రికెట్ బోర్డు అజహరుద్దీన్ మీద జీవితకాల నిషేధం వేసింది. అది చట్టప్రకారం నిలవదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2012 నవంబరులో తీర్పు చెప్పింది. అప్పటికి ఆయన వయసు 49. ఆయన టెస్టుల లెక్క 99 దగ్గరే ఆగిపోయింది. ఆయన చేశాడా లేదా అన్న వాదన నేనిక్కడ తేల్చలేను. పద్ధతి సరిగా లేకపోతే శిక్ష పన్నెండేళ్ళ తర్వాత కూడా కూలిపోతుందని మాత్రం దీనివల్ల అర్థమవుతుంది.

ఈ రెండూ ఆటని అమ్ముకున్నారన్న కేసులు. ఇంట్లో భార్యని కొట్టినవాడి సంగతి వేరు. దానివల్ల స్కోరు మారదు. అందుకే లీగులు చాలా ఏళ్ళపాటు దాన్ని పట్టించుకోలేదు.

రే రైస్, రెండు ఆటలు

నేను ఎమ్మెస్ అయ్యాక బాల్టిమోర్ దగ్గర ఉద్యోగంలో చేరాను. అమెరికన్ ఫుట్‌బాల్ నాకు అర్థమయ్యేలా చేసింది రేవెన్స్ జట్టు రన్నింగ్ బ్యాక్ రే రైస్. 2012 నవంబరులో శాన్ డియేగో మీద నాలుగో డౌన్‌లో 29 గజాలు కావాల్సి వస్తే, చిన్న పాస్ అందుకుని అంత దూరం పరిగెత్తాడు. ఆ సీజన్‌లోనే జట్టు సూపర్ బౌల్ గెలిచింది. నేను 27వ నంబరు జెర్సీ కొనుక్కున్నాను.

2014 ఫిబ్రవరిలో అట్లాంటిక్ సిటీలో ఒక కేసినో లిఫ్టులో అతను కాబోయే భార్యని కొట్టాడు. స్పృహ లేని ఆమెని లిఫ్టు నుంచి బయటికి లాగుతున్న వీడియో కొద్ది రోజుల్లోనే బయటికి వచ్చింది. కోర్టు అతన్ని జైలుకి పంపలేదు, కౌన్సెలింగ్ తరహా కార్యక్రమంలో చేరడానికి ఒప్పుకుంది. మే నెలలో భార్యాభర్తలిద్దర్నీ విలేకరుల ముందు కూర్చోబెట్టిన జట్టు, ఆ రాత్రి తన పాత్రకి ఆమె విచారిస్తోందని ట్వీట్ కూడా చేసింది. జులైలో ఎన్.ఎఫ్.ఎల్. కమిషనర్ రోజర్ గుడెల్ వేసిన శిక్ష రెండు ఆటలు. అదే వేసవిలో గంజాయి పరీక్షలో దొరికిన జాష్ గార్డన్‌కి ఏడాది సస్పెన్షన్ పడింది. దాన్ని తర్వాత పది ఆటలకి తగ్గించారు.

ఇక్కడ నా సంగతి కూడా ఒప్పుకోవాలి. రెండు ఆటలన్న వార్త చదివినప్పుడు నాకు కోపం రాలేదు. "రెండు వారాలేగా, ఈసారి మన ఫాంటసీ లీగు డ్రాఫ్టులో చౌకగా దొరుకుతాడు" అనుకున్నాను. లిఫ్టు బయటి వీడియో అప్పటికే చూశాను. అయినా అలాగే అనుకున్నాను.

సెప్టెంబరు 8న లిఫ్టు లోపలి వీడియోని టి.ఎం.జెడ్. బయటపెట్టింది. ఆ రోజే జట్టు అతన్ని తీసేసింది, లీగు నిరవధికంగా సస్పెండ్ చేసింది. ఆ నెలలోనే రైస్ జెర్సీ తెచ్చిస్తే వేరే ఆటగాడి జెర్సీ ఇస్తామని స్టేడియంలో రెండు రోజులు కౌంటర్లు పెట్టారు. వేలమంది వరసలో నిలబడ్డారు, నేనూ నిలబడ్డాను. ఫిబ్రవరికీ సెప్టెంబరుకీ మధ్య మారింది తప్పు కాదు. మనం చూసిన వీడియో మాత్రమే.

నవంబరులో ఇంకో మలుపు. రైస్ అప్పీలు విన్న మాజీ ఫెడరల్ జడ్జి బార్బరా జోన్స్, ఒకే తప్పుకి రెండోసారి శిక్ష వేయడం కుదరదని ఆ సస్పెన్షన్ కొట్టేశారు. రైస్ లీగుకి అబద్ధం చెప్పలేదని కూడా తేల్చారు. కాగితం మీద గెలిచినా అతన్ని మళ్ళీ ఏ జట్టూ తీసుకోలేదు. 2023 చివరి రోజున మాత్రం రేవెన్స్ జట్టు అతన్ని స్టేడియానికి పిలిచి పాత ఆటగాడిగా గౌరవించింది.

రాసిపెట్టుకున్నాక ఏం మారింది?

ఈ గొడవ తర్వాత లీగులు నియమాలు స్పష్టంగా రాసుకున్నాయి. 2014లోనే ఎన్.ఎఫ్.ఎల్. గృహహింసలాంటి వాటికి మొదటిసారి ఆరు ఆటలు మూలశిక్షగా పెట్టింది. తీవ్రతని బట్టి అది పెరగొచ్చు, తగ్గొచ్చు. తేలేవరకూ ఆటగాణ్ణి కమిషనర్ జాబితాలో పెట్టి, జీతమిస్తూనే ఆడనివ్వకుండా ఉంచవచ్చు.

బేస్‌బాల్ లీగు 2015 ఆగస్టులో ఆటగాళ్ళ యూనియన్‌తో కలిసి గృహహింస, లైంగిక హింస, పిల్లల మీద హింసకి ఉమ్మడి విధానం రాసుకుంది. నాకు బాగా నచ్చినది ఇదే. కోర్టు శిక్ష పడకపోయినా కమిషనర్ చర్య తీసుకోవచ్చు. శిక్షకి కనిష్ఠం, గరిష్ఠం లేవు. దర్యాప్తు జరిగేటప్పుడు జీతంతో సెలవులో పంపుతారు. ఆటగాడికి చికిత్స, కౌన్సెలింగ్ ప్రణాళిక వేసే నిపుణుల బోర్డు వేరే ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం, అప్పీలు వినేది కమిషనర్ కాదు, బయటి మధ్యవర్తి. ఈ విధానం కింద 2016లో మొదటి శిక్ష ఆరోల్డిస్ చాప్‌మన్‌కి పడింది, 30 ఆటలు. అతని మీద క్రిమినల్ కేసు పెట్టలేదు. 2022లో ట్రెవర్ బావర్‌కి 324 ఆటలు వేశారు. అతను ఆరోపణలని ఖండించాడు, అతని మీదా క్రిమినల్ కేసు పెట్టలేదు. మధ్యవర్తి ఆ శిక్షని 194కి తగ్గించాడు.

ఎన్.ఎఫ్.ఎల్.లో చాలాకాలం పోలీసు, జడ్జి, అప్పీలు కోర్టు అన్నీ కమిషనరే. 2020 ఒప్పందంతో తొలి తీర్పు లీగూ యూనియనూ కలిసి నియమించిన అధికారి చేతికి వెళ్ళింది. అప్పీలు మాత్రం కమిషనర్ దగ్గరే ఉండిపోయింది. దీనికి పెద్ద పరీక్ష 2022లో డెషాన్ వాట్సన్ కేసు. ఇరవై మందికి పైగా మహిళలు అతని మీద సివిల్ దావాలు వేశారు. టెక్సస్‌లో రెండు గ్రాండ్ జ్యూరీలు క్రిమినల్ అభియోగం అక్కర్లేదన్నాయి. అతను ఆరోపణలని ఒప్పుకోలేదు. మాజీ జడ్జి సూ రాబిన్సన్ ఆరు ఆటలన్నారు. లీగు అప్పీలుకి వెళ్ళింది, చివరికి 11 ఆటలు, 50 లక్షల డాలర్ల జరిమానాకి రాజీ కుదిరింది.

ఇందులో డబ్బు లెక్క గమనించండి. ఆ ఏడాదే క్లీవ్‌లాండ్ జట్టు అతనికి అయిదేళ్ళకి 23 కోట్ల డాలర్లు పూర్తి గ్యారంటీతో రాసిచ్చింది. సస్పెన్షన్ పడబోయే మొదటి ఏడాది మూల జీతం మాత్రం పది లక్షల పైచిలుకే. సస్పెన్షన్‌లో కోత పడేది ఆ మూల జీతానికే. ఆటల లెక్కలో శిక్ష పెద్దదిగా కనిపిస్తుంది, బ్యాంకు ఖాతాలో దాదాపు కనిపించదు. అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ అన్నట్టు, ఇలాంటి కేసు బెంచి మీద కూర్చునే ఆటగాడి మీద ఉంటే 23 కోట్లు ఎవరిస్తారు?

క్రికెట్ సంగతి

2017 సెప్టెంబరులో బ్రిస్టల్ నైట్‌క్లబ్ బయట జరిగిన కొట్లాట వల్ల బెన్ స్టోక్స్ ఆ యాషెస్ పర్యటనకి దూరమయ్యాడు. 2018 ఆగస్టులో కోర్టు అతన్ని నిర్దోషి అంది. అయినా డిసెంబరులో క్రమశిక్షణ కమిషన్ ఎనిమిది మ్యాచ్‌ల నిషేధం, 30,000 పౌండ్ల జరిమానా వేసింది. అప్పటికే ఆడకుండా పోయిన మ్యాచ్‌లని ఆ లెక్కలో కలిపేసింది.

శ్రీలంక ఆటగాడు దనుష్క గుణతిలకది దీనికి రెండో వైపు. 2022 నవంబరులో టి20 ప్రపంచకప్ సమయంలో సిడ్నీలో లైంగిక దాడి ఆరోపణ మీద అరెస్టయ్యాడు. బోర్డు వెంటనే సస్పెండ్ చేసింది. 2023 సెప్టెంబరులో కోర్టు నిర్దోషి అంది, తర్వాతి నెల బోర్డు నిషేధం ఎత్తేసింది. దాదాపు ఏడాది పోయింది. తాత్కాలిక సస్పెన్షన్ శిక్ష కాదని మనం అంటాం, కానీ ఆటగాడికి ఆ ఏడాది తిరిగి రాదు. అందుకే బేస్‌బాల్‌లోలా ఆ సమయంలో జీతమివ్వాలనే వాదన నాకు న్యాయంగానే తోస్తుంది.

శిక్ష ఎవరి మీద పడుతుంది?

చదువుతూ పోతే నాకు తట్టని సంగతి ఒకటి తెలిసింది. మొదటి తప్పుకే జీవితకాల నిషేధం అంటే బాధితులు నోరు విప్పడం మానేస్తారని గృహహింస బాధితులతో పనిచేసేవాళ్ళు హెచ్చరిస్తారు. ఎందుకంటే ఆ జీతం మీదే ఆమె, పిల్లలు బతుకుతున్నారు. మనవాళ్ళ ఇళ్ళలో దీనికి వీసా కూడా తోడవుతుంది. హెచ్-4 మీద ఉన్న అమ్మాయి 911 నొక్కేముందు భర్త ఉద్యోగం గురించి, తన వీసా గురించి ఆలోచించక తప్పదు. అంటే శిక్ష మరీ చిన్నదైతే ఆమెకి అవమానం, మరీ పెద్దదైతే ఆమె నోటికి తాళం.

ఇక మా లీగు సంగతి. ఆ బుధవారం రాత్రి రెండు గంటలకి ఒక నిర్ణయానికొచ్చాం. కేసు తేలేవరకూ ఆయన ఆడరు, ఇది తీర్పు కాదు, కట్టిన ఫీజు వెనక్కిస్తాం అని రాసి పంపాం. ఆయనకి కోపం వచ్చింది, జట్టుకి ఇంకా ఎక్కువ వచ్చింది. సెమీఫైనల్ ఓడిపోయారు. ఇప్పటికీ వాళ్ళలో ఇద్దరు నాతో మాట్లాడరు. కేసు ఏమైందో రాయడం నా పని కాదు.

అందరం సెమీఫైనల్ గురించే మాట్లాడుతుంటే, కమిటీలో ఒక్కరే ఉన్న మహిళ, మేమంతా అక్కా అని పిలిచే ఆవిడ, "ఆ అమ్మాయి ఇప్పుడు ఎక్కడుందో ఎవరికైనా తెలుసా?" అని అడిగారు. మా నలుగురికీ తెలియదు. ప్రతి శనివారం గ్రౌండుకి పులిహోర తెచ్చి అందరికీ పెట్టిన అమ్మాయి. మాలో ఒక్కరి దగ్గర కూడా ఆమె ఫోన్ నంబరు లేదు.

ఇల్లు కాలుతుంటే బావి తవ్వడం అంటే ఇదే. తర్వాతి సీజన్‌కి ముందు ఒక పేజీ రాసుకున్నాం. మీ ఊరి లీగుకీ పనికొస్తుందేమో చూడండి.

1. ఏ తప్పులు లీగు పరిధిలోకి వస్తాయో సీజన్ మొదలవకముందే రాసి, ప్రతి ఆటగాడి సంతకం తీసుకోవాలి.

2. అరెస్టు, కేసు నమోదు జరిగితే తాత్కాలిక విరామం. అది తీర్పు కాదని అదే కాగితంలో రాయాలి, ఫీజు వెనక్కివ్వాలి.

3. నిర్ణయించేవాళ్ళు ఆ జట్టువాళ్ళో, ఎదుటి జట్టువాళ్ళో కాకూడదు. అప్పీలు వినేది వేరే మనిషి.

4. బెస్ట్ బ్యాట్స్‌మన్‌కీ, పన్నెండో ఆటగాడికీ ఒకటే శిక్ష. తిరిగి రావడానికి దారి, దానికి షరతులు కూడా ముందే రాసి ఉండాలి.

5. కమిటీ మొదటి ఫోన్ ఆటగాడికి కాదు. ఇంట్లో ఉన్న మనిషికి, ఒక మహిళా వాలంటీరు ద్వారా, ఆమె ఇష్టపడితేనే. జాతీయ గృహహింస హాట్‌లైన్ 1-800-799-7233 నంబరు స్కోరు షీటు వెనక అచ్చు వేయించాం.

అయిదోది అక్క రాయించింది. మొదటిగా పెట్టాల్సిందని ఇప్పుడనిపిస్తోంది. ఈ సీజన్‌లో మారుస్తాం.