అంగస్తంభన
తిరుపతి, చిత్తూరు గోడల మీద ‘అంగస్తంభనకు చికిత్స’ అన్న రాత కనిపిస్తే మనసు నొచ్చుకుంటుంది. అంగస్తంభన జబ్బు కాదు, ఆరోగ్యం. అది లోపిస్తేనే జబ్బు. సంస్కృతంలో ‘స్తంభ్’ ధాతువుకు నిలబడటం, బిగుసుకోవడం, ఆగిపోవడం అన్నీ అర్థాలే. అందుకే గుడిలో ధ్వజస్తంభం నిలుస్తుంది, ఘాట్ రోడ్డులో ట్రాఫిక్ స్తంభిస్తుంది. మన ‘కంబం’ కూడా ఆ స్తంభం బిడ్డే. ఇక ‘నపుంసకత్వం’ అన్న పాత ముద్ర మరీ అన్యాయం. పురుషుడు కానివాడనే అర్థమున్న ఆ మాటను, రక్తం సరిగా పారని మనిషికి ఎలా అంటిస్తాం? షుగరు, బీపీ, పొగతాగుడు, దిగులు ఈ లోపానికి కారణాలు కావచ్చు. గుండెజబ్బుకు ముందస్తు హెచ్చరికా కావచ్చు. 1998లో వచ్చిన సిల్డెనాఫిల్ మాత్ర చాలామందికి పనిచేస్తుంది గానీ, గుండెనొప్పికి నైట్రేట్ మందులు వాడేవాళ్లకు అది ప్రాణాపాయం. సిగ్గుపడకండి, తిరుపతిలోని రుయా ఆసుపత్రికో స్విమ్స్ ఆసుపత్రికో వెళ్లి డాక్టరుతో మాట్లాడండి.