పోరుమామిళ్ల చెరువు దోషాలు
కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. ఆ చెరువు తవ్వించినవాడు విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు. వెయ్యి మంది కూలీలు, రాయి తోలే నూరు బళ్లు, రెండేళ్ల పని. ఉద్యోగమంతా చెరువు కట్టల మీదే గడిపినవాణ్ణి, నాకు ఈ లెక్కల కన్నా ఆ శాసనంలో చెప్పిన ఆరు చెరువు దోషాలే ఇష్టం. కట్ట ఊటెత్తడం, నేల చవుడు కావడం, చెరువు నడుమ మిట్ట ఉండడం, నీరు తక్కువై పొలం ఎక్కువ కావడం, నీరెక్కువై పొలం చాలకపోవడం. ఇంకొకటి, రెండు రాజ్యాల పొలిమేరలో చెరువు పడటం! నీటి తగాదాలు అప్పుడూ ఉన్నాయన్నమాట. మా రోజుల్లో చెరువు ప్రతిపాదన వస్తే ముందు ఖర్చే అడిగేవారు. మట్టి నాలుక మీద వేసుకుని చవుడు పట్టేసే రైతు పక్కనే నిలబడి ఉన్నా ఎవరూ పలకరించేవారు కాదు.