తనంతట ఆడిన నాడె

మానవజాతి నిజంగా పురోగమించినదా అన్న ప్రశ్నకు యంత్రాలను లెక్కపెట్టి సమాధానం చెప్పేవారు ఎక్కువ. ఆ సమాధానంలోని బలమెంతో తెలియడానికి గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ (క్రీ. పూ. 384–322) చేసిన ఒక్క ఊహను పరిశీలిస్తే చాలును.

‘రాజనీతి’ గ్రంథం మొదటి భాగంలో ఆయన దాస్యాన్ని విచారించినాడు. కొందరు పుట్టుకచేతనే పాలింపబడదగినవారనీ, దాసుడు ప్రాణమున్న పనిముట్టు వంటివాడనీ ఆయన అభిప్రాయం. ఆ సందర్భంలోనే, మగ్గంమీద నాడె తనంతట తానే ఆడగలిగితే యజమానులకు దాసుల అవసరమే ఉండదన్నాడు. తత్త్వచర్చలకు నెలవైన ఏథెన్సుకు లారియన్ గనులలో వెండి త్రవ్వి ఇచ్చినవి దాసుల చేతులే.

రెండువేల సంవత్సరాలు గడచిన తరువాత నాడె తనంతట ఆడింది. 1785లో ఇంగ్లండులో ఎడ్మండ్ కార్ట్‌రైట్ మరమగ్గాన్ని కల్పించినాడు. 1793లో అమెరికాలో ఎలీ విట్నీ ప్రత్తినుండి గింజను వేరుచేసే యంత్రాన్ని నిర్మించినాడు. అరిస్టాటిల్ లెక్క ప్రకారం దాస్యం అంతరించవలసినది. జరిగినది వేరు. మిల్లులు ఎంత వేగంగా నేస్తే అంత ప్రత్తి కావలసివచ్చింది. చేలో ప్రత్తి ఏరడానికి మాత్రం మనిషి వేళ్ళే గతి. 1790లో అమెరికా సంయుక్త రాష్ట్రాలలో సుమారు 7 లక్షలున్న దాసులు 1860 నాటికి 40 లక్షలకు చేరువైనారు. యంత్రం సంకెలను తెంచలేదు. మరింత పొడుగు చేసింది.

అట్లయితే పురోగతియే లేదందామా? అనలేము. దాస్యం ప్రకృతివిరుద్ధమనీ, బలవంతంమీద నిలిచిన అన్యాయమనీ వాదించేవారు ఉన్నారని అరిస్టాటిలే అదే గ్రంథంలో చెప్పినాడు. వారి పేర్లు మాత్రం చెప్పలేదు. ఆయన మరణశాసనం డయోజనీస్ లెయర్షియస్ గ్రంథంలో నిలిచి ఉన్నది. అందులో కొందరు దాసులకు విముక్తి కలిగించవలసినదనీ, తనకు సేవచేసిన పిల్లలను అమ్మరాదనీ ఉన్నది. శాస్త్రం సమర్థించినదానిని హృదయం పూర్తిగా అంగీకరించలేదు కాబోలు.

పేరులేని ఆ వాదమే క్రమంగా చట్టమైనది. మనదేశంలో దాస్యాన్ని న్యాయస్థానాలు గుర్తించరాదని 1843లో శాసనం వచ్చింది. 1948లో ఐక్యరాజ్యసమితి మానవహక్కుల ప్రకటన అన్ని రూపాల దాస్యాన్నీ నిషేధించింది. 1976 నాటి చట్టం వెట్టిచాకిరీని రద్దుచేసింది. ఐనా 2021లో ప్రపంచంలో దాదాపు 5 కోట్లమంది బలవంతపు చాకిరిలోనో, బలవంతపు వివాహంలోనో చిక్కియున్నారని అంతర్జాతీయ కార్మిక సంస్థా, దాని సహసంస్థలూ అంచనా కట్టినవి.

ఆనాడు దాస్యాన్ని నిరసించినవారి పేర్లు గ్రంథానికి ఎక్కలేదు. ఈనాడు దానిని సమర్థించేవాడికి విద్వత్సభలో స్థానం లేదు. ఈ మార్పు తెచ్చినది నాడె కాదు, మనిషిని పనిముట్టు అనడానికి ఒప్పుకొనని మాట. మాట గెలిచినంతమాత్రాన మనిషి విడుదల కాడని ఆ 5 కోట్ల లెక్క చెబుతున్నది. మాటతో పనిచేసే రచయితలు ఈ రెండు సత్యాలలో దేనినీ మరువరాదు.