గోదావరి రెండు ఒడ్లనూ తాకిన యుద్ధం

మనం బడిలో చదువుకున్న రెండో ప్రపంచ యుద్ధంలో హిట్లర్, పెర్ల్ హార్బర్, హిరోషిమా ఉన్నాయి. పరీక్షకు అంతే సరిపోయేది. ఆ యుద్ధానికి మన ప్రాంతంతో ఉన్న సంబంధం నాకు బడి వదిలిన చాలా ఏళ్ళకు, చరిత్ర పుస్తకాలు తిరగేస్తుంటే తెలిసింది. స్వర్ణోత్సవ వేళ మిత్రులతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఇవాళ ఖమ్మంలో బస్సెక్కితే భద్రాచలంలో దిగుతాం. ఆ రోజుల్లో అది రెండు ప్రభుత్వాల మధ్య ప్రయాణం. ఖమ్మం, కొత్తగూడెం నిజాం రాజ్యంలోని వరంగల్ జిల్లావి. భద్రాచలాన్ని నిజాం 1860లోనే ఆంగ్లేయులకు ఇచ్చేశాడు. యుద్ధ కాలానికి అది మద్రాసు రాష్ట్రంలో, తూర్పు గోదావరి జిల్లాలో ఉంది. నడుమ గోదావరి, దాటడానికి వంతెన లేదు. యుద్ధం కూడా ఈ రెండు ఒడ్లకూ వేర్వేరు దారుల్లోనే వచ్చింది.

ముందు నిజాం వైపు చూద్దాం. 1941 డిసెంబరు 8న, అర్ధరాత్రి దాటాక, జపాన్ సైన్యం మలయాలోని కోటా భారు తీరంలో దిగింది. హవాయిలో అప్పటికి ఇంకా డిసెంబరు 7. గడియారం లెక్క చూస్తే, పెర్ల్ హార్బర్ మీద బాంబులు పడడానికి గంటకు పైగా ముందే ఇక్కడ కాల్పులు మొదలయ్యాయి. ఆ కోటా భారు విమానాశ్రయానికి కాపలాగా ఉన్నది ఎవరనుకున్నారు? హైదరాబాద్ సంస్థానపు ఒకటో పదాతి దళం!

ఇక అవతలి ఒడ్డు. 1942 ఏప్రిల్ 6న ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. కాకినాడ అప్పుడు భద్రాచలం వారికి జిల్లా కేంద్రం. అంటే తమ కలెక్టరు కచేరీ ఉన్న ఊరి మీదే బాంబులు పడ్డాయన్నమాట. ఆ నెలలోనే మద్రాసు ప్రభుత్వం తన కార్యాలయాలను తీరానికి దూరంగా తరలించింది. బర్మా జపాన్ చేతికి పోవడంతో అక్కడి నుంచి వచ్చే బియ్యం, కిరోసిన్ ఆగిపోయాయి. దూరపు యుద్ధం వంటింటి దీపం దాకా వచ్చింది.

పుస్తకాల్లో దళాల పేర్లు, నౌకల పేర్లు దొరుకుతాయి. మన ఇళ్ళలోని మాటలు దొరకవు. 1942లో పదేళ్ళున్నవారికి ఇప్పుడు తొంభై దాటాయి. అందుకే పూర్వ విద్యార్థులందరికీ నాదొక విన్నపం. ఇంట్లో, ఊళ్ళో, అడవి లోపలి కోయగూడేల్లో పెద్దవాళ్ళుంటే వెళ్ళి కూర్చోండి. ఆ ఏళ్ళలో బియ్యం, బట్ట ఎలా దొరికేవో, ఊరి నుంచి పట్టాళానికి ఎవరు వెళ్ళారో అడిగి రాసుకోండి. పాత ట్రంకు పెట్టెలో ఒక పతకమో, సైన్యం ఇచ్చిన కాగితమో ఉంటే ఫొటో తీసి మన సంఘానికి పంపండి. రేపు మన బడి పిల్లలు చదివే యుద్ధ పాఠంలో మన ఊరి పేరు కూడా ఉండాలంటే, ఆ పని మనమే చేయాలి.