ఆదిత్య 369, అవ్వ ట్రంకు పెట్టె

ఈ ఆదివారం పోస్టు కొంచెం పొడుగు. కాఫీ పక్కన పెట్టుకుని చదవండి.

పోయిన నెల మా ఇంట్లో పిల్లలంతా చేరి టీవీలో 'ఆదిత్య 369' చూశారు. పేర్లు పడుతుండగా, తిరువళ్లూరులో ఆరో తరగతి చదివే మా తమ్ముడి కొడుకు "నాన్నా, అక్కడేం రాసుంది?" అని అడిగాడు. మా తమ్ముడు కాసేపు తెర వైపు చూసి "369" అన్నాడు. అందరం నవ్వాం. తర్వాత ఎవరికీ నవ్వు రాలేదు. ఇంట్లో రోజంతా తెలుగే మాట్లాడే మనిషి. చదువు మాత్రం తమిళంలో సాగింది. ఆ పేరులో అంకెలు తప్ప ఇంకేదీ చదవలేకపోయాడు.

ఆ రాత్రి నుంచి ఈ పోస్టు మా మనసులో తిరుగుతోంది. కాలాన్ని ముందుకీ వెనక్కీ తిప్పే సినిమాలు, ఏది నిజం, ఏది భ్రమ అని బుర్ర తిప్పే సినిమాలు అనగానే పిల్లలు 'మేట్రిక్స్', 'ఇన్సెప్షన్', 'ఇంటర్‌స్టెల్లార్' అంటారు. మంచి సినిమాలే. కానీ ఈ ఆటలో మనవాళ్ళ చరిత్ర పాతది. అందులో చాలా భాగం మన రైలు లైను చివర, మద్రాసులోనే నడిచింది.

ముందు 1957కి వెళ్దాం. ఆ ఏడాది మార్చి 27న విజయా వారి 'మాయాబజార్' వచ్చింది. దర్శకుడు కె.వి. రెడ్డి, మాటలు, పాటలు పింగళి నాగేంద్రరావు, కెమెరా మార్కస్ బార్ట్‌లీ. అందులో ప్రియదర్శిని అనే పెట్టె ఉంది, గుర్తుందా? మూత తీస్తే, చూసేవారికి ఏది ఇష్టమో అదే కనబడుతుంది. శశిరేఖ అందులో అభిమన్యుణ్ణి చూసి మాట్లాడుతుంది. ఇప్పుడు మన పిల్లలు ఫోనులో చేసే పని అదే. సినిమా రెండో సగమంతా శశిరేఖ వేషంలో ఉన్నది ఘటోత్కచుడని మనకు తెలుసు, పెళ్ళివారికి తెలియదు. ఏది నిజం, ఏది మాయ అన్న ప్రశ్నను ఇంటిల్లిపాదీ నవ్వుకునేలా అడిగిన సినిమా అది.

అందులోనే ఇంకో చిత్రం ఉంది, చాలామంది గమనించరు. శశిరేఖ తల్లి రేవతి. భాగవతంలో ఆమె తండ్రి కకుద్మి, కూతురికి తగిన వరుడెవరో అడగడానికి ఆమెను వెంటబెట్టుకుని బ్రహ్మలోకానికి వెళ్తాడు. అక్కడ పాట జరుగుతుంటే అయ్యేదాకా ఆగుతాడు. అడిగితే బ్రహ్మ నవ్వుతాడు. నువ్వు మనసులో అనుకున్న వరులెవరూ ఇప్పుడు లేరు, భూమి మీద 27 చతుర్యుగాలు గడిచిపోయాయి అంటాడు. ఆ తర్వాతే రేవతిని బలరాముడికిచ్చి చేస్తారు. 'ఇంటర్‌స్టెల్లార్'లో ఒక గ్రహం మీద గంట గడిస్తే భూమి మీద ఏడేళ్ళు గడుస్తాయి. దాని వెనక ఐన్‌స్టీన్ లెక్క ఉంది, పురాణం వెనక లెక్క లేదు. రెండూ ఒకటేనని మేం అనడం లేదు. కానీ కాలం అందరికీ ఒకేలా నడవదన్న ఊహ మన అవ్వలకు కొత్త కాదు.

ఆ 'మాయాబజార్'కి కె.వి. రెడ్డి గారి దగ్గర సహాయకుడిగా పనిచేసిన కుర్రాడు సింగీతం శ్రీనివాసరావు. నెల్లూరు జిల్లా ఉదయగిరిలో 1931లో పుట్టారు, మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదివారు. హెచ్.జి. వెల్స్ 1895లో రాసిన 'ది టైమ్ మెషీన్' నవల ఆయన మనసులో చాలా ఏళ్ళు నిలిచిపోయింది. ఆ ఊహను సినిమా దాకా తెచ్చినవారిలో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారు ముఖ్యులు. నిర్మాత శివలెంక కృష్ణప్రసాద్‌కి ఈ కథ గురించి చెప్పింది ఆయనే, సమర్పకుడిగా తెర మీద పేరు పడిందీ ఆయనదే. 1991 జూలై 18న 'ఆదిత్య 369' విడుదలైంది. సంగీతం ఇళయరాజా. మాటలు జంధ్యాల. కెమెరా ముగ్గురిది: పి.సి. శ్రీరామ్, వి.ఎస్.ఆర్. స్వామి, కబీర్ లాల్. కథానాయకుడు టైమ్ మెషీన్ ఎక్కి 1526లో శ్రీకృష్ణదేవరాయల కాలానికి, అక్కణ్ణించి 2504కి వెళ్తాడు. రెండు పాత్రలూ, అంటే కథానాయకుడూ రాయలూ, బాలకృష్ణే. 2025 ఏప్రిల్‌లో ఈ సినిమాను కొత్త ప్రింటుతో మళ్ళీ థియేటర్లలో వేశారు.

బాలు గారు 2020 సెప్టెంబర్ 25న పోయారు. మరునాడు ఆయన్ని ఖననం చేసింది మన తిరువళ్లూరు జిల్లాలోని తామరైపాక్కంలో, ఆయన తోటలో. ఆ దారిన వెళ్ళినప్పుడల్లా మాకు పాటలతో పాటు ఆ టైమ్ మెషీన్ కూడా గుర్తొస్తుంది.

ఇప్పుడు మన ఊరి సంగతి. మా అవ్వ తిరుత్తణిలో పుట్టింది, తిరుత్తణిలోనే పోయింది. ఇల్లు మారలేదు, వీధి మారలేదు. ఆమె పుట్టినప్పుడు ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో చిత్తూరు జిల్లా. ఆ జిల్లా ఏర్పడింది 1911 ఏప్రిల్ 1న. 1953 అక్టోబర్ 1న ఊరు ఆంధ్ర రాష్ట్రమైంది. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్. 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రం. 1969 జనవరి 14న తమిళనాడు. పదహారేళ్ళలో నాలుగుసార్లు ఆమె రాష్ట్రం పేరు మారింది. గడప దాటకుండా ఇన్ని లోకాలు చూసినవాళ్ళు ఏ సినిమాలో ఉన్నారు?

ఇది ఎవరి మీదా ఫిర్యాదు కాదు. 1952 డిసెంబర్ 15న పొట్టి శ్రీరాములు గారు మద్రాసులో నిరాహారదీక్షలో ప్రాణం విడిచారు. మనవాళ్ళు మద్రాసు మనదన్నారు. అవతల మ.పొ. శివజ్ఞానం గారు తిరుపతి, తిరుత్తణి తమవని ఉద్యమం నడిపారు. చివరికి హెచ్.వి. పటాస్కర్ గారు గ్రామాన్ని యూనిట్‌గా తీసుకుని, ఎక్కువమంది మాట్లాడే భాషనూ సరిహద్దుకు ఆనుకుని ఉండడాన్నీ చూసి గీత గీశారు. దాని ప్రకారం 1959లో పార్లమెంటు చట్టం చేసింది. తిరుత్తణి, పళ్లిపట్టు ఇటు వచ్చాయి. సత్యవేడు వైపు ఊళ్ళు అటు చిత్తూరు జిల్లాకి వెళ్ళాయి. ఇక్కడ తెలుగువాళ్ళు మిగిలినట్టే అక్కడ తమిళులు మిగిలారు. వాళ్ళ ఇళ్ళలోనూ ఇలాంటి అవ్వలు ఉండే ఉంటారు.

ఈ సినిమాలు చూసేవాళ్ళంతా ఆడుకునే ప్రశ్న ఒకటుంది. వెనక్కి వెళ్ళి మన తాత పెళ్ళి చెడగొడితే మనం పుట్టేదెట్లా? మనం పుట్టకపోతే ఆ పెళ్ళి చెడగొట్టిందెవరు? మన పెద్దలు కూడా అరుగుల మీద ఇలాగే మాట్లాడుకునేవారు. ఆ గీత నాలుగు మైళ్ళు కిందికి పడుంటే మన బడులెట్లా ఉండేవి, మన పిల్లల ఉద్యోగాలెక్కడ ఉండేవి అని. ఆ మాటలు తేలేవి కావు.

ఆ ప్రశ్నకు మాకు దగ్గరగా అనిపించిన సినిమా 2022లో వచ్చిన 'ఒకే ఒక జీవితం'. శ్రీకార్తీక్ దర్శకుడు, శర్వానంద్, అమల నటించారు. చనిపోయిన అమ్మను మళ్ళీ చూడ్డానికి కొడుకు 1998కి వెళ్తాడు. అమ్మను చూస్తాడు, ఆమె చేతి వంట తింటాడు. కానీ ఆమెను దక్కించుకోలేడు. మారేది వాడే. అదే సినిమా తమిళంలో 'కణం' పేరుతో వచ్చింది. 1957లో 'మాయాబజార్' కూడా అట్లాగే రెండు భాషల్లో తీశారు. ఈ రెండు సినిమాలనూ రెండు భాషల్లో చూసి, ఏ మాట ఏ భాషలో బాగా పేలిందో పోల్చుకోగలిగిన జనం మనలాంటి ఊళ్ళలోనే ఉంటారు. అది మన అదృష్టం.

ఇక అవ్వ ట్రంకు పెట్టె. ఆమె పోయాక పెట్టె తెరిస్తే పట్టుచీర కింద 1958 నాటి భాగ పరిష్కార పత్రం దొరికింది. స్టాంపు కాగితం, తెలుగు చేవ్రాత, చిత్తూరు జిల్లా తిరుత్తణి అని రాసుంది. పొలం హద్దులు, బావిలో ఎవరి వంతు ఎన్ని రోజులు, చింతచెట్టు ఎవరిది, అన్నీ అందులో ఉన్నాయి. ఇంట్లో పదకొండుమందిమి ఉన్నాం. చదవగలిగినవాళ్ళు ఇద్దరు. ఇద్దరికీ అరవై దాటాయి. మేం పైకి చదువుతుంటే చుట్టూ కూర్చున్నవాళ్ళకి ప్రతి మాటా అర్థమవుతోంది. కాగితం చేతికిస్తే మాత్రం తిరగేసి పట్టుకున్నా తెలియదు.

'ఆదిత్య 369'లో కథానాయకుడు రాయల కాలంలో దిగి నాలుగు రోజులు బతికి బయటపడ్డాడంటే, అక్కడి మాట వాడికి వచ్చు కాబట్టి. మన పిల్లల్ని అక్కడ దింపితే మాట్లాడతారు, శాసనం మాత్రం చదవలేరు. రాయలు 1513లో మొదటిసారి తిరుమల వచ్చారు. ఆయన శాసనాలు ఆ కొండమీద తెలుగులోనూ, తమిళంలోనూ, కన్నడంలోనూ ఉన్నాయి. రాజుకి మూడు భాషలు బరువు కాలేదు. మన పిల్లలకి రెండు లిపులు బరువవుతాయా?

2006 చట్టం ప్రకారం మన పిల్లలు బడిలో తమిళం చదవాలి. చదవనీండి, ఈ నేల భాష బాగా రావాలి. తెలుగు అక్షరాలు నేర్పే పని మాత్రం బడి మీద వదిలేసి కూర్చుంటే జరగదు. అది ఇంటి పని, సంఘం పని. గీత మారినప్పుడు మన తెలుగు పోలేదు. 1960 తర్వాత కూడా మా అవ్వ ఉత్తరాలు తెలుగులోనే రాసింది. అది జారిపోయింది ఆ తర్వాత, మన చేతుల్లోంచి. అందులో మా తప్పూ ఉంది. మా తమ్ముడి పక్కన కూర్చుని నేర్పించడానికి మాకు ముప్ఫై ఏళ్ళు దొరికాయి, మేం నేర్పలేదు.

ఇప్పుడు ఆదివారం ఆదివారం మా వరండాలో గంటసేపు పలక పెడుతున్నాం. మా తమ్ముడూ వాడి కొడుకూ పక్కపక్కనే కూర్చుంటున్నారు. పోయిన వారం ఒక వత్తు దగ్గర తండ్రి ఆగిపోతే కొడుకు దిద్దాడు. తిరుత్తణి, తిరువళ్లూరు, పళ్లిపట్టు వైపు ఎవరైనా తమ పిల్లల్ని పంపాలన్నా, తామే వచ్చి కూర్చోవాలన్నా కింద రాయండి. మీ ఇళ్ళల్లో 1960కి ముందు కాగితాలుంటే పారేయకండి. ఫోటో తీసి పెడితే కలిసి చదువుదాం. ఆ రోజుల్ని చూసిన పెద్దవాళ్ళుంటే, 1960 ఏప్రిల్ 1న పొద్దున్నే లేచినప్పుడు ఏం మారిందో వాళ్ళనడిగి రాయండి. మా అవ్వని మేం అడగలేదు.