చిన్న డీజిల్ ఇంజన్‌లో గాలి చలనం, దహనం: చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం

పల్లెల్లో బావి గట్టు మీది ఆయిల్ ఇంజన్, నేరేడ్‌మెట్ వంటి నగర శివార్లలో కరెంటు పోయినప్పుడు నడిచే డీజిల్ జనరేటర్ ఒకే సూత్రంపై పనిచేస్తాయి. రెండింటిపైనా పొగ గురించిన ఫిర్యాదు ఉన్నదే. ఈ యంత్రాల చరిత్రను ఇంధనం వైపు నుంచి కాక గాలి వైపు నుంచి చూస్తే, ఆ పొగకు మూలమేమిటో తెలుస్తుంది. దానిని వివరించడమే ఈ వ్యాస లక్ష్యం.

2. గాలితో చిమ్మిన ఇంధనం

రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో పరీక్షించిన ఇంజన్‌లో, ఇంధనాన్ని సంపీడిత గాలితోనే సిలిండర్‌లోకి చిమ్మారు. ఇంధనాన్ని తుంపరగా విడగొట్టే పని ఆ గాలిదే. కానీ అందుకు కంప్రెసర్ కావాలి. చిన్న ఇంజన్ ఆ బరువును, ఖర్చును మోయలేదు. 1927లో బాష్ సంస్థ ఇంధన పంపుల ఉత్పత్తి ప్రారంభించడంతో చిన్న ఇంజన్లకు దారి సుగమమైంది.

అయితే ఇంధనాన్ని గాలితో కలిపే సమస్య మిగిలిపోయింది. నిమిషానికి 1500 చుట్లు తిరిగే ఇంజన్‌లో ఒక్కో స్ట్రోక్‌కు 20 మిల్లీసెకన్లే పడుతుంది. అందులో కొద్ది భాగంలోనే తుంపర ఆవిరై, గాలితో కలిసి మండాలి. చిన్న సిలిండర్‌లో తుంపర త్వరగా గోడను తాకుతుంది. గాలి చాలని చోట మసి పుడుతుంది.

3. సుడి గది నుంచి పిస్టన్ గిన్నెకు

1931 నాటి ‘కామెట్’ రూపకల్పనలో ఆంగ్ల ఇంజనీరు హ్యారీ రికార్డో, గాలిని పక్కనున్న చిన్న గదిలోకి నెట్టి సుడి తిప్పాడు. కలయిక మెరుగైంది. కానీ గది గోడల గుండా వేడి నష్టమై ఇంధన వ్యయం పెరిగింది. దానికి ప్రత్యామ్నాయం పిస్టన్ తలపైనే తొలిచిన గిన్నె. పిస్టన్ పైకి వచ్చేకొద్దీ అంచులలోని గాలి గిన్నెలోకి దూసుకుపోతుంది. ఇరుకైన చోట సుడి వేగం పుంజుకుంటుంది.

బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనం ఈ గిన్నె ఆకారాన్నే పరిశీలించింది. ఏక సిలిండర్ ఇంజన్‌లోని అర్ధగోళాకార గిన్నెకు బదులు, నోరు బాగా లోపలికి ముడుచుకొని, మధ్యలో ఉబ్బు లేని గిన్నె సుడిని పెంచడంలో మేలైనదని కంప్యూటర్ గణనలు చూపాయి. ఇంధనం చిమ్మే సమయాన్ని కూడా సవరిస్తే నైట్రోజన్ ఆక్సైడ్లు 27 శాతం, మసి 85 శాతం తగ్గుతాయని అంచనా వేశాయి.

4. ముగింపు

ఖరీదైన వాహనాలకు ఎలక్ట్రానిక్ నియంత్రణ అందివచ్చింది. రైతు కొనే ఇంజన్ ఆ ధరను భరించడం కష్టం. దానికి ఆకారమే అందుబాటులోని పరిష్కారం. మెకానిక్ నాజిల్‌ను మార్చగలడు, పంపును సరిచేయగలడు. గిన్నెను తిరిగి రూపొందించలేడు. కనుక పొగ బాధ్యతను వాడేవారిపైనే మోపడం ఈ చరిత్రకు సమ్మతం కాదు. అందులో పెద్ద భాగం రూపకర్తది.