చక్కెర పాకం: ఇంట్లో షర్బత్‌కు చాష్నీ చేసుకునే పద్ధతి

చక్కెర, నీళ్లు కలిపి కాచి చల్లార్చిందే చక్కెర పాకం. ఉర్దూలో చాష్నీ, షీరా అంటాం. షర్బత్‌కైనా, డబుల్ కా మీఠాకైనా, గులాబ్ జామున్‌కైనా మొదలు ఇదే. తేడా ఎంతసేపు కాచామన్న దగ్గరే వస్తుంది. మిఠాయిలకు వేళ్ల మధ్య జిగట రావాలి. షర్బత్‌కు తీగ అవసరం లేదు, చక్కెర పూర్తిగా కరిగితే చాలు.

చల్లని నీళ్లలో చక్కెర తొందరగా కరగదు. ఇఫ్తార్ టైమ్ దగ్గర పడ్డాక జగ్గులో గరిటె తిప్పుతూ కూర్చుంటే సగం అడుగునే ఉంటది, తీపి చాలలేదని ఇంకో రెండు చెంచాలు వేస్తాం. పాకం సీసా ఫ్రిజ్‌లో ఉంటే ఈ తిప్పలు ఉండవు.

కిలో చక్కెరకు లీటరు నీళ్లు. సన్న మంట మీద కలుపుతూ కరిగించాలి. ఉడుకు మొదలయ్యాక గరిటె పెట్టొద్దు; గిన్నె అంచులకు అంటిన చక్కెరను తడి గుడ్డతో తుడిచేయాలి, అదే తర్వాత గడ్డలకు మూలం. అర చెంచా నిమ్మరసం పిండి, రెండు నిమిషాలు ఉడికించి దించాలి. నిమ్మ పులుపుకు చక్కెర కొంత గ్లూకోజు, ఫ్రక్టోజుగా విడిపోతుంది, అందుకే పాకం తొందరగా పలుకులు కట్టదు. చల్లారాక వడకట్టి, వేడినీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టిన గాజు సీసాలో పోయాలి. లీటరున్నర దాకా వస్తుంది. వేడి పాకం ఒంటి మీద పడితే నీళ్లలా జారిపోదు, అంటుకొని కాలుస్తుంది. పిల్లల్ని పొయ్యి దగ్గరికి రానీయొద్దు.

ఇది ఫ్రిజ్‌లో మూడు నాలుగు వారాలు ఉంటుంది. వరంగల్‌లో మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు బయట పెడితే కొద్ది రోజుల్లోనే పులుస్తుంది. నురగ, బూజు, పుల్లటి వాసన కనిపిస్తే పారబోయడమే. రెండు కిలోల చక్కెరకు లీటరు నీళ్లు పోస్తే ఇంకా ఎక్కువ రోజులు ఆగుతుంది. కాకపోతే నీళ్లు మామూలు వేడిలో కరిగించుకోగలిగే హద్దు దాదాపు అదే, కనుక ఫ్రిజ్‌లో పలుకులు దిగొచ్చు. సీసాను వేడినీళ్లలో నిలబెడితే మళ్లీ కరుగుతాయి.

గులాబ్ జల్, కేవ్డా లాంటివి చల్లారాకనే కలపాలి, వేడిలో వాసన ఎగిరిపోతుంది. ఏలకులు, సుగంధి వేళ్లు, పుదీనా మాత్రం ఉడికేటప్పుడే వేసి వడకట్టుకోవచ్చు. ఎర్ర రంగు కావాలంటే రెండు బీట్‌రూట్ ముక్కలు చాలు. లేబుల్ లేని విడి రంగు పొడి కొనొద్దు. 1907 నుంచి ఉన్న రూహ్ అఫ్జా అయినా మూలంలో ఇలాంటి చక్కెర పాకమే, పైన పళ్ల రసాలు, మూలికల అర్కులు.

ఇక లెక్క. రెండు పెద్ద చెంచాల పాకంలో సుమారు 18 గ్రాముల చక్కెర ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు రోజుకు 50 గ్రాములు దాటొద్దని, 25 లోపు ఉంటే ఇంకా మంచిదని చెబుతోంది. అంటే అలాంటి మూడు గ్లాసులు తాగితేనే హద్దు దాటినట్టు. ఇంట్లో అమ్మీకో అబ్బాకో షుగర్ ఉంటే వాళ్ల గ్లాసులో నీళ్లు, నిమ్మ, సబ్జా గింజలు వేసి పాకం వదిలేయండి.

షుగర్ మందులు వాడేవాళ్లకు రోజా మధ్యలో చెమటలు, వణుకు వచ్చి రీడింగ్ 70 కంటే తగ్గితే రోజా విరమించాలని డాక్టర్లు చెబుతారు. అప్పుడు ఇదే పాకం రెండు పెద్ద చెంచాలు నీళ్లలో కలిపి వెంటనే ఇచ్చి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏదీ పోయొద్దు, నేరుగా ఆస్పత్రికి తీసుకెళ్లాలి.